దారంతో తవ్విన గని

బావి ఎంత లోతని అడిగితే మన ఊళ్లలో పెద్దవాళ్లు మీటర్లలో చెప్పరు. చేంతాడు ఎన్ని బారలుంటే బావి అంత లోతు. రెండు చేతులూ బారజాపి, ఈ చేతి వేలి కొస నుంచి ఆ చేతి వేలి కొస దాకా తాడు పట్టి చూస్తే ఒక బార. బ్రిటన్ దీవికి నైరుతి కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టుండే కార్న్‌వాల్‌లో గనుల లోతును కూడా శతాబ్దాల పాటు ఇలాగే కొలిచారు. అక్కడివాళ్లు ఫాదమ్ అన్నది అచ్చంగా మన బారే, ఆరడుగులు. గని లోపలి అంతస్తులకు పేర్లు కూడా బారల లెక్కలోనే ఉండేవి. కామ్‌బోర్న్ పట్టణం పక్కనున్న డోల్కోత్ గని సుమారు 550 బారలు, అంటే ఇంచుమించు ఒక కిలోమీటరు కిందికి దిగింది.

ఇప్పుడు ఆ 550 బారలను ఊలు దారంలో ఊహించుకోవాలి. దుకాణంలో దొరికే మామూలు ఉండలు ఎనిమిదో తొమ్మిదో కొంటే సరిపోతుంది, చేతిసంచిలో పట్టేస్తుంది. కానీ ఆ దారాన్ని ఒక మనిషి చేతులు చాపుతూ, ముడుస్తూ బార బారగా కొలవడానికి కూర్చుంటే, ఒక్కో బారకు మూడు సెకన్లే వేసుకున్నా అరగంట దగ్గర పడుతుంది. చివరికొచ్చేసరికి భుజాలు లాగుతాయి. పుస్తకంలో ఒక అంకెగా దాటిపోయే లోతు ఇక్కడ భుజాల నొప్పిగా తెలుస్తుంది.

కార్న్‌వాల్‌లో పదిమంది కలిసి కుట్టి, అల్లి, ఊలును అదిమి తయారుచేసే గుడ్డ శిల్పాలు గని వారసత్వాన్నీ, నేలనూ, అక్కడి సొంత భాష కార్నిష్‌నూ ఒకేసారి పట్టుకోవాలని చూస్తున్నాయి. రాయి, ఇనుము, ఆవిరి యంత్రాలతో నిండిన చరిత్రను మెత్తటి గుడ్డతో చెప్పడం వింతగానే కనిపిస్తుంది. దగ్గరికెళ్లి చూస్తే ఆ గనులకూ గుడ్డకూ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. ఈ శిల్పాల్లో ఏది నిలబడుతుంది, ఏది పండగ తోరణంలా మిగిలిపోతుంది అన్నది ఆ చుట్టరికాన్ని ఎంత లోతుగా తవ్వుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

కనిపించేది గోడ, కనిపించనిది గొయ్యి

కార్న్‌వాల్, పశ్చిమ డెవన్ గనుల ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పది ముక్కలుగా ఉన్న ఆ ప్రాంతం విస్తీర్ణం దాదాపు 20 వేల హెక్టార్లు. పర్యాటకుల కెమెరాలకు చిక్కేది మాత్రం ఎప్పుడూ ఒకటే: కొండకొమ్ము మీద, సముద్రానికి ఎదురుగా, పైకప్పు లేని రాతి ఇంజిన్ హౌస్, దాని మూలన పొగగొట్టం. గనిలో ఊరే నీటిని తోడిపోయడానికి పెట్టిన ఆవిరి యంత్రాల ఇళ్లివి. కాలెండర్ల మీద, టీ కప్పుల మీద, బిస్కెట్ డబ్బాల మీద ఇవే బొమ్మలు.

అసలు గని అంటే పైనున్న గోడ కాదు కదా. అది కిందనున్న ఖాళీ. మనుషులు ఎత్తుకుపోగా మిగిలిన చోటు. ఖాళీకి శిల్పం చేయడం రాతితో కష్టం, గుడ్డతో తేలిక. నాలుగు సూదుల మీద గుండ్రంగా అల్లుకుంటూ పోతే వచ్చే గొట్టం, మేజోడు లాంటిదే, ఒక గనిబావి. దానికి పక్కల నుంచి చీలికలు తీస్తే సొరంగాలు. పైకప్పు నుంచి వేలాడదీస్తే చూసేవాళ్లు తల లోపలికి పెట్టి పైకి చూడొచ్చు, తలకిందులైన గని. గుడ్డకు ఇంకో గుణం ఉంది, అది కుంగుతుంది. ఎంత గట్టి తీగ చట్రం వేసినా నెలలు గడిచేకొద్దీ బరువున్న చోట జారుతుంది. తయారుచేసేవాళ్లకు అది తలనొప్పే. కానీ గనుల ఊళ్లలో నేల చేసేదీ అదే పని. గ్వెన్నప్ దగ్గర నేల కుంగి ఏర్పడిన ఒక గుంటలో 1762 నుంచి మెథడిస్టు క్రైస్తవ బోధకుడు జాన్ వెస్లీ ప్రవచనాలు చెప్పాడు. ఆయన పోయాక 1806లో స్థానికులు ఆ గుంటనే గుండ్రటి మెట్ల వరసలుగా తీర్చారు. పాత తవ్వకాల వల్ల కుంగిన నేల ప్రార్థనాస్థలమైంది. గరాటులా కిందికి సన్నబడే ఆ మెట్ల వలయాలు పైనుంచి చూస్తే క్రోషే అల్లికలో వరస మీద వరస తగ్గించుకుంటూ పోయినట్టే ఉంటాయి.

గనిలోకి గుడ్డ ఎలా దిగింది

పంతొమ్మిదో శతాబ్దపు కార్నిష్ గనికార్మికుడి తల మీద ఇనుప హెల్మెట్ లేదు. ఊలును అదిమి చేసిన ఫెల్ట్ టోపీని రెసిన్‌తో బిగిసిపోయేలా చేసి పెట్టుకునేవాడు. దాని కింద చెమట పీల్చడానికి చిన్న నారగుడ్డ టోపీ. ఫెల్ట్ టోపీ ముందుభాగాన బంకమట్టి ముద్ద అతికించి, అందులో కొవ్వొత్తి గుచ్చేవాడు. ఆ మట్టి కూడా ఏ మట్టి పడితే అది కాదు, సెయింట్ ఆగ్నెస్ దగ్గర గుంటల్లో దొరికే జిగటమట్టికి పేరుండేది. మండే కొవ్వొత్తి, తడిమట్టి, గుడ్డ టోపీ: కిలోమీటరు కింద మనిషికి దారి చూపించినవి ఇవే.

పైన, ఎండలో వానలో, ఆడవాళ్లు. వాళ్లను బాల్ మెయిడెన్లు అనేవాళ్లు. బాల్ అంటే కార్నిష్‌లో గని. కింద నుంచి వచ్చిన రాతిని సుత్తెలతో పగలగొట్టి, పనికొచ్చేది వేరుచేసి, పొడి కొట్టడం వాళ్ల పని. పదేళ్ల పిల్లలు కూడా ఉండేవాళ్లు. వాళ్ల దుస్తులను వివరంగా చూడాలి, ఎందుకంటే అవి అందం కోసం కుట్టినవి కావు. తల మీద గూక్ అనే బోనెట్. ముందుకు పొడుచుకొచ్చేలా అట్ట పెట్టి కుట్టినది, వెనక మెడ మీదికి గుడ్డ జారేది. ఎండ, దుమ్ము, ఎగిరే రాతిముక్కలు ముఖానికి తగలకుండా. నడుముకు గోనెగుడ్డ ఏప్రాన్, దాన్ని టౌజర్ అనేవాళ్లు. మోకాలి కింద ఊలు పీలికలు చుట్టుకునేవాళ్లు. పనిముట్ల మ్యూజియంలో సుత్తె ఉంటుంది. గూక్‌లు దాదాపు అన్నీ చిరిగిపోయి, మసిగుడ్డలై, పోయాయి. పాత ఫోటోల్లో చూసి కుట్టుకోవాల్సిందే. ఆ ఫోటోల్లో కూడా చాలాసార్లు వాళ్లు తెల్లటి ఉతికిన ఏప్రాన్లు వేసుకుని, ఫోటోగ్రాఫరు కోసం ముస్తాబై నిలబడ్డవాళ్లు. పనిలో ఉన్న మనిషి ఏ రంగులో ఉండేదో గుడ్డ పట్టుకున్నవాళ్లే తేల్చుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన దారం సంగతి. రాతిలో రంధ్రం చేసి, మందు కూరి, పేల్చాలంటే ఒత్తి కావాలి. గడ్డిపరకలో, పక్షి ఈక బోలులో మందుగుండు నింపి ఒత్తిగా వాడిన రోజుల్లో అది ఎప్పుడు అంటుకుంటుందో, ఎప్పుడు ఆగిపోతుందో తెలిసేది కాదు. ఆరిందనుకుని దగ్గరికి వెళ్లినవాళ్ల కళ్లు పోయాయి, చేతులు పోయాయి. విలియం బిక్‌ఫర్డ్ అనే తోలు వ్యాపారి ఈ ప్రమాదాలు చూసి ఏదో చేయాలని తంటాలుపడుతూ, తాడు పేనేవాడి పని గమనించాడు. నార దారాలు మెలిపడుతుండగా మధ్యలోకి గరాటు నుంచి సన్నగా మందుగుండు పోస్తే? దాని మీద ఎదురు దిశలో ఇంకో చుట్టు పేని, మెలి విడిపోకుండా చేసి, తారు పూసి తడి తగలకుండా చేశాడు. 1831లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఒత్తి అడుగుకు సుమారు అర నిమిషం చొప్పున నిదానంగా కాలుతుంది. కార్మికుడు ఎంత పొడవు కావాలో కోసుకుని, అంటించి, నడిచి వెళ్లిపోవచ్చు. ప్రపంచంలోని గనులన్నిటికీ వెళ్లిన ఈ సేఫ్టీ ఫ్యూజు నిజానికి తాడు పేనే విద్యే. బిక్‌ఫర్డ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరి పేరు టకింగ్‌మిల్. ఆ ప్రాంతపు ఇంగ్లిష్‌లో టకింగ్ అంటే నేసిన ఊలుగుడ్డను నీళ్లలో దంచి చిక్కబరచడం. గనుల కన్నా ముందు అక్కడ గుడ్డ దంచే మరలుండేవన్న గుర్తు ఊరి పేరులో మిగిలింది.

కాబట్టి తాడు, దారం, ఫెల్ట్ తీసుకుని గని గురించి శిల్పం చేయడమంటే ఎక్కడిదో పదార్థం తెచ్చి అతికించడం కాదు. ఫ్యూజులా పేనిన తాడు, మధ్యలో ఎర్ర దారం పెట్టి, ఎడమకు ఒక చుట్టు, కుడికి ఒక చుట్టు వేసి చూపిస్తే వంద వాక్యాల వివరణ అక్కర్లేదు.

నేల గుడ్డకిచ్చిన రంగులు

ఇంట్లో ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించుకున్న తరానికి తగరం అంటే తెలుసు. వంటింట్లో కన్నా రంగుల తొట్టిలో దాని ప్రభావం ఇంకా ఎక్కువ. కొచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు మామూలుగా కాస్త నీలి ఛాయ కలిసిన ముదురు ఎరుపు. ఆ తొట్టిలో తగరం లవణం పడితే అది భగ్గున మండే సింధూర రంగుకు తిరుగుతుంది. పదిహేడో శతాబ్దంలో యూరప్‌లో ఈ కిటుకు తెలిశాక ఊలు బట్టలకు ఆ ఎరుపు రాజరిక చిహ్నమైంది, సైనికాధికారుల కోట్ల రంగైంది. మన తీరంలో చిరివేరుతో, పటికతో తీసిన ఎరుపు నూలుకు. తగరంతో తీసిన ఎరుపు ఊలుకు. రెండూ దారాన్ని పట్టుకోవడానికి ఒక లోహ లవణాన్ని ఆసరా చేసుకున్నవే.

తెల్లమట్టి కథ కొంచెం చేదు. కుక్‌వర్తీ అనే మందుల వ్యాపారి 1740ల్లో ట్రెగానింగ్ కొండ దగ్గర పింగాణీకి పనికొచ్చే చైనా క్లేను గుర్తించాడు. సెయింట్ ఆస్టల్ చుట్టూ ఇప్పటికీ కనిపించే తెల్లటి గుట్టలు ఆ పరిశ్రమవే. ఆ మట్టిలో ఒక భాగం పింగాణీకి కాక లాంకషైర్ బట్టల మిల్లులకు వెళ్లింది. మన నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టినట్టే అక్కడ కూడా పెట్టేవాళ్లు; గంజిలో ఈ మట్టి కలిపితే పలుచటి బట్ట బరువుగా, దళసరిగా కనిపిస్తుంది. ఉతికితే అసలు రంగు బయటపడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇండియా, చైనా మార్కెట్లకు వచ్చిన చవక బట్టల మీద ఈ విషయమై ఫిర్యాదులు వెల్లువెత్తాయి. మాంచెస్టర్ పంచె కట్టుకున్న మన ముత్తాతలు కొంచెం కార్న్‌వాల్ నేలను కూడా కట్టుకుని ఉతికేశారన్నమాట. ఇక తగరం శుద్ధిలో వచ్చే ఆర్సెనిక్‌ను అమెరికా పత్తిచేలలో కాయతొలిచే పురుగు మీద చల్లడానికి అమ్ముకున్నారు. పత్తి పెరగడానికీ, బట్ట బరువెక్కడానికీ, రంగు నిలవడానికీ ఆ నేలే.

ఎరుపు దగ్గర ఒక పదం ఆపుతుంది. రెడ్రూత్ అనే గనుల పట్టణం పేరు చూడగానే మొదటి సగం ఇంగ్లిష్ రెడ్ అనుకుంటారు, ఎరుపు అని. పొరపాటు. కార్నిష్‌లో మొదటి భాగానికి అర్థం ఏరు దాటే రేవు. ఎరుపు అన్న అర్థం రెండో భాగంలో ఉంది. ఎర్రరేవు. ఇంగ్లిష్ కన్ను తప్పు సగంలో ఎరుపు చూస్తుంది. అక్కడికి దగ్గర్లోనే గనుల నుంచి వచ్చిన మురికితో దశాబ్దాల పాటు ఎర్రగా పారిన రెడ్ రివర్ గాడ్రెవీ దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1992 జనవరిలో, మూతపడిన వీల్ జేన్ గనిలో నీరు పైదాకా నిండి పొంగింది. ఇనుము, జింకు, కాడ్మియం కలిసిన ఆమ్లపు నీరు కార్నన్ నదిలోకి ప్రవహించి, ఫాల్ నదీముఖం దాకా నీళ్లను నారింజ రంగుకు మార్చేసింది.

ఆ నారింజను గుడ్డ మీదికి తేవడానికి రంగు కొననక్కర్లేదు. పాత ఇనుప మేకులు, గొలుసుముక్కలు, బోల్టులు తెచ్చి, వెనిగర్‌లో తడిపిన నూలుగుడ్డలో మూటకట్టి, తడి ఆరకుండా రెండు మూడు రోజులు ఉంచితే చాలు. మూట విప్పినప్పుడు ఇనుము తగిలిన చోటల్లా తుప్పు గుర్తులు పడి ఉంటాయి: ఎక్కడ గట్టిగా కట్టారో అక్కడ చాక్లెట్ రంగు, అంచుల్లో నారింజ, దూరంగా పసుపు. ప్రతి మేకు నీడా విడిగా కనిపిస్తుంది. గనిలో ఇనుము, గంధకం కలిసిన పైరైట్ రాయి గాలీ నీరూ తగిలి చేసేది కూడా ఇనుమును తుప్పు పట్టించే పనే. అయితే ఈ గుడ్డ ఎక్కువ కాలం నిలవదు, తుప్పు పోగును తినేస్తూనే ఉంటుంది. పదేళ్ల తర్వాత మడత దగ్గర పుటుక్కుమంటుంది.

కుట్టేటప్పుడు మాట ఆగుతుంది

కార్నిష్ కెల్టిక్ భాష. వెల్ష్‌కూ, ఫ్రాన్స్‌లోని బ్రెటన్‌కూ తోబుట్టువు. 1549లో ఇంగ్లిష్ ప్రార్థనపుస్తకాన్ని చర్చిల్లో తప్పనిసరి చేసినప్పుడు కార్న్‌వాల్, డెవన్ ప్రజలు తిరగబడ్డారు. తమలో కొందరికి ఇంగ్లిషే రాదని తిరుగుబాటుదారుల విజ్ఞాపనలో రాసి ఉంది. ఆ తిరుగుబాటును నెత్తుటితో అణిచేశారు. భాష పడమరకు, పడమరకు కుంచించుకుపోయింది. 1777లో చనిపోయిన మౌస్‌హోల్ ఊరి చేపలమ్మి డాలీ పెంట్రీత్‌ను చివరి మాటకారిగా చెప్పడం అలవాటైంది. పండితులు ఆ మాటను అలా వదిలెయ్యరు. ఆమె తర్వాత కూడా కొంత కార్నిష్ తెలిసినవాళ్లున్నారు. 1904లో హెన్రీ జెన్నర్ కార్నిష్ బోధినిని ప్రచురించడంతో పునరుద్ధరణ మొదలైంది. 2002లో బ్రిటన్ ప్రభుత్వం ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల యూరోపియన్ చార్టర్ కింద దాన్ని గుర్తించింది. యునెస్కో 2010లో అంతరించిన భాషల వరస నుంచి తీసి, తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషల్లో చేర్చింది. 2011 జనగణనలో తమ ప్రధాన భాష కార్నిష్ అని రాసినవాళ్లు 557 మంది. కొద్దో గొప్పో నేర్చుకున్నవాళ్లు అంతకన్నా చాలా ఎక్కువ.

ఇంట్లో పోయిన భాష గనిలో కొంత దాక్కుంది. గనుల పేర్ల ముందు వచ్చే వీల్ అన్న మాట, వీల్ జేన్, వీల్ కోట్స్, వీల్ మార్టిన్, ఇంగ్లిష్ చక్రం కాదు. పని అనే అర్థమున్న కార్నిష్ మాట. రాయి తీశాక మిగిలిన చెత్త అటల్. భూవిజ్ఞానం చదివే ఏ తెలుగు విద్యార్థి అయినా గాసన్ అన్న పదం రాసే ఉంటాడు: ఖనిజం మీద తుప్పు పట్టిన ఎర్రటి పైపొర. నెత్తురు అనే కార్నిష్ మాట నుంచి వచ్చిందంటారు. రాతిలో స్ఫటికాలుండే బోలును వగ్ అంటారు, అదీ అక్కడిదే. కార్నిష్ ఒక్క వాక్యం వినని దేశాల్లో కూడా కార్నిష్ పదాలు రోజూ వాడుకలో ఉన్నాయి. డోల్కోత్ పేరును కూడా డోర్ కోత్ నుంచి విడదీస్తారు. డోర్ అంటే నేల, కోత్ అంటే పాత. పాతనేల గని. నేల, గని, భాష ఒక్క పేరులోనే.

శిల్పం మీద అక్షరాలు కుట్టడానికి కూర్చుంటే మొదట వచ్చే తగువు వర్ణక్రమం గురించి. పునరుద్ధరణలో ఒకరు మధ్యయుగపు నాటకాల భాషను ప్రమాణం చేసుకున్నారు, ఇంకొకరు చివరి మాటకారుల కాలపు భాషను. దశాబ్దాలు కొట్టుకున్నాక 2008లో ఉమ్మడి ప్రామాణిక రూపం మీద ఒప్పందం కుదిరింది. అందులో కూడా క శబ్దానికి ఒకే అక్షరం అని తేల్చకుండా పాత తరహా రాతకు కూడా చోటిచ్చారు. పెన్నుతో అయితే రెండూ రాసేయొచ్చు. సూదితో ఒక్కో అక్షరానికి పావుగంట పడుతుంటే ఎవరి రాత అన్నది తేల్చుకోవాల్సిందే. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో కార్నిష్ బాగా వచ్చినవాళ్లు ఒకరిద్దరు, కుట్టు బాగా వచ్చినవాళ్లు పది మంది ఉండడం సహజం. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో కాసేపటికి చెప్పలేం.

రెండో చిక్కు ఇంకా ముచ్చటైనది. కార్నిష్‌లో మాట మొదటి హల్లు, ముందున్న మాటను బట్టి మారుతుంది. ఊరు లేదా ఇల్లుండే చోటు ట్రె; ఆ ఊరు అనాలంటే అన్ డ్రె. తల్లి మమ్, ఆ తల్లి అన్ వమ్. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లకు ఇది చిరాకు. నిఘంటువులో డ్రె వెతికితే దొరకదు. తెలుగువాళ్లకు మాత్రం పాఠం చెప్పక్కర్లేదు. తమ్ముడు, అన్న పక్కన చేరగానే అన్నదమ్ములు అవుతాడు. తండ్రి, తల్లి పక్కన తల్లిదండ్రులు. కారణాలు వేరు, అక్కడ స్త్రీలింగమూ దాని ముందున్న అన్ అనే ఉపపదమూ చేసే పని, ఇక్కడ ద్వంద్వ సమాసం. చెవికి మాత్రం ఒకటే అలవాటు, పక్క మాట తగలగానే పరుషం మెత్తబడడం. నిఘంటువు నుంచి విడి పదాలు ఏరి కుట్టిన శిల్పంలో ఈ మెత్తదనం కనిపించదు. అక్కడ పదాలు గోడకు కొట్టిన మేకుల్లా ఉంటాయి. ఒక్క పూర్తి వాక్యం కుట్టినా చాలు, భాష కదులుతున్నట్టు తెలుస్తుంది. కార్నిష్‌ను అలంకారంగా వాడినదీ, భాషగా వాడినదీ తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష లేదు. కార్న్‌వాల్‌లో సెలవుల ఇళ్లకూ, ఐస్‌క్రీములకూ కార్నిష్ పేర్లు పెట్టడం మామూలే. ఆ ఇళ్ల ధరలకు తట్టుకోలేక ఊరొదిలే పిల్లల నోట కార్నిష్ ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

కోలార్ దాకా వెళ్లిన తాడు

1866లో రాగి ధర పడిపోవడంతో కార్న్‌వాల్ ఖాళీ అవడం మొదలైంది. 1815కూ 1914కూ మధ్య సుమారు రెండున్నర లక్షల మంది విదేశాలకు పోయారని అంచనా. ఎక్కడ నేలలో గొయ్యి ఉంటే అక్కడ కార్నిష్‌వాడుంటాడని సామెత పుట్టింది. వాళ్లకు కజిన్ జాక్ అని పేరు. మెక్సికో, దక్షిణ ఆస్ట్రేలియా, మిచిగన్, దక్షిణాఫ్రికా. తెలుగునేల అంచున కోలార్ బంగారు గనులు కూడా.

జాన్ టేలర్ అండ్ సన్స్ అనే కంపెనీ 1880లో కోలార్ పని చేపట్టింది. గని పనిని నడిపించే కార్నిష్ కెప్టెన్లు, మేస్త్రీలు, వాళ్ల పరికరాలు, మాటలు వచ్చాయి. రాయి కొట్టి లోతుకు దిగిన చేతులు ఎక్కువగా తమిళ, తెలుగు చేతులు. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన దళిత కుటుంబాలవి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటి కిందికి వెళ్లింది, డోల్కోత్‌కు మూడింతలు. బంగళాలు, క్లబ్బులు ఒకవైపు. తడికల గుడిసెల లైన్లు ఒకవైపు. 1930లో వేలిముద్రలు తీసుకుని నమోదు చేయబోతే కార్మికులు సమ్మెకు దిగారు. 2001 ఫిబ్రవరిలో కోలార్ మూతపడింది. కార్న్‌వాల్‌లో చివరి తగరపు గని సౌత్ క్రాఫ్టీ అంతకు మూడేళ్ల ముందు, 1998 మార్చిలో. సముద్రాలవతల ఉన్న రెండు ఊళ్లు మూడేళ్ల తేడాతో ఒకే నిశ్శబ్దంలోకి వెళ్లాయి. కోలార్‌లో మిగిలినవి సైనైడ్ మట్టి దిబ్బలు, గాలికి లేచే ఆ దుమ్ము, తెల్లవారుజామున బెంగళూరుకు కూలికి వెళ్లే రైళ్లు.

కార్న్‌వాల్‌లో వలస గురించి చేసే కళ ఎక్కువగా ఓడ, పెట్టె, ఎదురుచూసే భార్య చుట్టూ తిరుగుతుంది. హిరెథ్ అనే మాట తరచూ వస్తుంది. పుట్టిన చోటు మీద బెంగ. బెంగ నిజమే. కానీ ఆ తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉందో చాలా శిల్పాల్లో కనిపించదు. గని నైపుణ్యం ఎగుమతి అయింది అని గర్వంగా చెప్పే చోట, ఆ నైపుణ్యం కింద పనిచేసినవాళ్ల భాషలు కూడా పక్కన ఉండాలి. పాత చీరలతో మన ఆడవాళ్లు కుట్టే బొంత దీనికి మంచి నమూనా. బొంతలో పై గుడ్డ, లోపలి గుడ్డ అన్న తేడా ఉన్నా, కుట్టు మాత్రం రెంటినీ దాటుకుంటూ పోతుంది. కార్నిష్ అక్షరాల వెనక వైపు ఒక తెలుగు మాట, ఒక తమిళ మాట ఉన్న శిల్పం అబద్ధమాడినట్టు కాదు, లెక్క సరిచూసినట్టు.

చేతులు ఎవరివి

సామూహిక గుడ్డ శిల్పాల గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆప్యాయంగా రాస్తారు, కలిసి కూర్చోవడం, టీ, కబుర్లు. అవన్నీ ఉంటాయి. ఒక అసౌకర్యమైన పోలిక కూడా ఉంటుంది. బాల్ మెయిడెన్లు మగవాళ్లతో పోలిస్తే బాగా తక్కువ కూలికి పనిచేశారు, చరిత్రలో పేర్లు లేకుండా పోయారు. వాళ్ల గురించి చేసే శిల్పానికి కూడా ఎక్కువగా ఆడవాళ్లే, చాలాసార్లు జీతం లేకుండా, సూది పట్టుకుంటారు. బోర్డు మీద కళాకారుడి పేరో సంస్థ పేరో పెద్దక్షరాల్లో, కుట్టినవాళ్లంతా స్థానిక ప్రజలు అన్న రెండు మాటల్లో. చేసిన ప్రతి మనిషీ తన ముక్క అంచున తన గుర్తు, పొడి అక్షరాలో, ఒక పువ్వో, కుట్టుకునే ఏర్పాటు ఉంటే ఆ బోర్డు ఎలా ఉన్నా పర్వాలేదు.

కార్న్‌వాల్ వారసత్వాన్ని పెద్దగా చూపించిన ప్రయత్నం 2016లో జరిగింది. ప్రపంచ వారసత్వ గుర్తింపుకు పదేళ్లయిన సందర్భంగా మాన్ ఇంజిన్ అనే 11 మీటర్ల పైచిలుకు యాంత్రిక గనికార్మికుణ్ణి వీధుల్లో నడిపించారు. వేలమంది చూశారు. అది ఇనుము, ఆవిరి, మగవాడు. దాని ఆకర్షణ అదే. గుడ్డ శిల్పం అంత గుంపును లాగదు. దాని ముందు మనుషులు ఆగి, వంగి, ఒక కుట్టు మీద వేలు పెట్టి చూస్తారు, ముట్టుకోవద్దన్న బోర్డు ఉన్నా సరే.

తర్వాతి సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. ప్రదర్శన అయ్యాక ఎక్కడ పెట్టాలి? ఊలుకు చిమ్మెటలు పడతాయి; మ్యూజియాల్లో అలాంటి వస్తువులను సంచిలో మూసి మైనస్ 30 డిగ్రీల చలిలో మూడు రోజులు పెట్టి పురుగు చంపుతారు. వెలుతురు 50 లక్స్ దాటకుండా చూస్తారు, లేకపోతే రంగు పోతుంది. మూడు మీటర్ల గని ఆకారాన్ని పట్టే ఫ్రీజర్ ఊరి హాలులో ఉండదు. ముక్కలుగా విప్పి, మళ్లీ కలిపి కుట్టుకునేలా మొదటే చేసుకున్నవాళ్లు తెలివైనవాళ్లు. పాడైన ముక్క స్థానంలో కొత్తది కుట్టడానికి ఇంకో పదిమంది కూర్చోవాలి, కూర్చున్న ప్రతిసారీ ఆ కార్నిష్ వాక్యాన్ని ఎవరో ఒకరు పైకి చదవాలి.

ఈలోగా నేల మళ్లీ కదులుతోంది. సెయింట్ ఆస్టల్ వైపు లిథియం కోసం పని సాగుతోంది. బ్యాటరీల కోసం, సర్క్యూట్ల టంకం కోసం లోహాలకు గిరాకీ పెరగడంతో సౌత్ క్రాఫ్టీని తెరవాలని 2023 నుంచి నీళ్లు తోడుతున్నారు. పాతికేళ్లుగా నీళ్లలో మునిగి ఉన్న సొరంగాలు పైనుంచి ఒక్కొక్కటిగా తేలుతున్నాయి. పంపుల పక్కన మీటర్ల లెక్కలు చూపించే కంప్యూటర్లున్నాయి. పాత నక్షాల మీద అంతస్తుల పేర్లు మాత్రం బారల్లోనే ఉన్నాయి.